మూడడుగుల తేడా

మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సుధామణి విజయవాడ గవర్నర్‌పేటలో హోమ్ థియేటర్ల దుకాణం నడుపుతుంది. బందరులో చేపలమ్మిన గంగారత్నం కూతురు. ఆడపిల్ల వైర్లేం లాగుతుందిలే అన్నవాళ్ళ ఇళ్ళలోనే వైర్లు లాగి, ఏడేళ్ళలో పేరు తెచ్చుకుంది. కంకిపాడులో రైసుమిల్లు రత్తయ్య గారింట్లో ఆరు నెలల కిందట ఆమె బిగించిన రిసీవరు, అంటే స్పీకర్లన్నిటినీ పలికించే పెట్టె, ఇప్పుడు చెడ్డ మోత మోగుతోంది. అసలది కొత్తదే కాదు, ఎవరో వాడి పారేసిన సరుకని ఇంటీరియర్ కాంట్రాక్టరు పవన్‌కుమార్ కనపడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఈ ఏడాది సుధామణి దుకాణం నుంచి ఇప్పటికే రెండు రిసీవర్లు వాపసు వెళ్ళాయి. ఆ రెండింటిలోనూ ఆమె తప్పు లేదు. అయినా మూడోది వెనక్కి వస్తే డీలర్‌షిప్ తీసేస్తామని డిస్ట్రిబ్యూటరు ఉత్తరం రాశాడు. కిందటి వారం మనం ఆమెను రత్తయ్య గారి గేటు ముందు, స్కూటరుకు స్టాండు వేస్తుండగా వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఎండలోనే ఉంది. ఇక లోపలికి రానిద్దాం.

థియేటరు గదిలో రత్తయ్య మధ్య సోఫాలో కూర్చుని ఉన్నాడు. అరవయ్యారేళ్ళ మనిషి. మిల్లు నడిపిన రోజుల్లో అరుగు మీద కూర్చునే లోపల ఏ మిషను బెల్టు వదులైందో చెప్పేవాడని ప్రతీతి. అలాంటి చెవులున్న మనిషికి నచ్చని సౌండు అంటగట్టామంటే ఎవరికైనా గుండె జారుతుంది. సుధామణికి జారలేదు. తను చేసిన పని మీద ఆమెకు అంత నమ్మకం.

"చూడమ్మాయ్, నేను చెప్పడమెందుకు, నువ్వే విను," అంటూ రత్తయ్య ఏదో సినిమాలో వాన సీను పెట్టాడు.

వాన ముందు వీపు వెనక కురిసింది. ఆ తర్వాత ఎప్పటికో తెర మీద కురిసింది. ఉరిమినప్పుడల్లా వెనక గోడ డప్పులా మోగింది. హీరో నోరు కదులుతోంది గానీ ఒక్క మాట ముక్క వినపడలేదు. సుధామణి కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు విన్నది. ఇది తను వదిలి వెళ్ళిన సౌండు కాదు. అంతవరకూ ఖాయం.

"విన్నారుగా మేడమ్?" అన్నాడు పవన్‌కుమార్. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, మొహంలో ఇంటల్లుడి ధీమా. "నేను మొదటి రోజే చెప్పాను సార్‌కి, ఇది వాడేసిన పీసని. హైదరాబాదులో మావాడున్నాడు, రేపటికల్లా మంచిది తెప్పిస్తాడు."

"బిల్లు ఉందా బాబాయిగారూ?" అని అడిగింది సుధామణి, పవన్‌కుమార్ వైపు చూడకుండానే.

రత్తయ్య బిల్లు ఇచ్చాడు. ఆమె రిమోటు తీసుకుని రిసీవరు సమాచారమంతా తెర మీద పెట్టింది. సీరియల్ నంబరు, బిల్లు మీది నంబరు పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అంకె పైకి చదివింది. చివరి అంకె దాకా ఒకటే. కంపెనీలో ఈ నంబరు మొదటిసారి నమోదైంది రత్తయ్య గారి పేరు మీదే. ఫోనులో అదీ చూపించింది.

"సరే, కొత్తదే అనుకో," అన్నాడు రత్తయ్య. "కొత్తదైతే మాత్రం? వినపడనిది వినపడనట్టే కదా?"

"అందుకని ఈ పెట్టెనే ఒక మాట అడుగుదామండి."

"పెట్టె మాట్లాడుద్దా మేడమ్?" పవన్‌కుమార్ నవ్వాడు.

"మాట్లాడుతుందండీ. మనకంటే తక్కువే. కానీ అబద్ధం చెప్పదు."

సుధామణి రత్తయ్య పక్కకు వచ్చి నిలబడి చెప్పింది. ఆరు నెలల కిందట ఆమె చిన్న మైకును ఒక్కో సోఫాలో చెవి ఎత్తున నిలబెట్టింది. తొమ్మిది స్పీకర్లూ ఒకదాని తర్వాత ఒకటి కూత వేశాయి. ఏ కూత ఎంతసేపటికి వచ్చిందో చూసి, ఏ స్పీకరు ఎంత దూరంలో ఉందో రిసీవరు తనే లెక్క కట్టుకుంది. దగ్గరున్న స్పీకరును కాస్త ఆపి, దూరంగా ఉన్నదాన్ని ముందు పలికిస్తుంది. బంతిలో ఎవరు ఎక్కడ కూర్చున్నా అందరి విస్తట్లోకీ ఒకేసారి వడ్డన అందినట్టు, అన్ని వైపుల నుంచీ శబ్దం చెవికి ఒకేసారి అందుతుంది. ఆ దూరాలన్నీ ఇప్పటికీ దాని లోపల అలాగే ఉన్నాయి.

"ఇదుగోండి. వెనక స్పీకర్లు తొమ్మిదిన్నర అడుగుల దూరంలో ఉన్నాయంటోంది." సంచీలోంచి టేపు తీసి ఒక కొస రత్తయ్య చేతికిచ్చింది. "మీరే పట్టుకోండి బాబాయిగారూ. రేపు ఎవరూ కొలత నాదని అనకూడదు."

సోఫా నుంచి వెనక స్పీకరు దాకా టేపు లాగితే ఆరున్నర అడుగులు వచ్చింది.

"మూడడుగులు ఎటు పోయాయండీ?"

"గోడ జరిపాంగా," అన్నాడు రత్తయ్య తాపీగా.

సుధామణి టేపు వదిలేసింది. అది సర్రున వెనక్కి చుట్టుకుంది. "ఎప్పుడు జరిపారండీ?"

"ఉగాది వెళ్ళాక. గదికి ఆయం కుదర్లేదన్నారు సిద్ధాంతి గారు. మా ఆవిడ పట్టుబట్టింది. ఆ గోడని అట్టాగే ఉంచి, ముందు మూడడుగులు వదిలి చెక్క గోడ కట్టించింది. పవన్ దాని మీద గుడ్డ బిగించి స్పీకర్లు ఇటు మార్చాడు."

"మరి నాకొక్క ఫోను చెయ్యలేదేంటి బాబాయిగారూ?"

"నీకెందుకు చేస్తాం? గోడ జరిపింది ఆయం కోసమాయె. సౌండు కోసం కాదుగా!"

ఈ మాట అన్నందుకు రత్తయ్యను చూసి నవ్వకండి. మన డెల్టాలో డాక్టరు మందు మారిస్తే పది ప్రశ్నలు వేసేవాళ్ళు, గది పొడవు వెడల్పులు గుణించి ఆయం చెడిందని సిద్ధాంతి చెబితే కట్టిన గోడ కూల్చడానికి ఒక్క ప్రశ్న కూడా వేయరు. అది ఇంటికి మంచి చేసే పని. దాంతో సినిమా చెడుతుందని ఎవరికి తోస్తుంది?

సుధామణికి ఒళ్ళు తేలికైంది. జబ్బు దొరికితే మందు ఆమె చేతిలోనే ఉంది. గది మారింది కాబట్టి రిసీవరుకు కొత్త గదిని మళ్ళీ పరిచయం చేయాలి. గంట పని. ఏసీ ఆపమంది, ఫోన్లన్నీ నోరు మూయించమంది. మైకు స్టాండు మీద పెట్టి, తీగ రిసీవరుకు తగిలించి బటన్ నొక్కింది.

కూత రాలేదు. గదిలో శబ్దం ఎక్కువగా ఉంది, తగ్గించి మళ్ళీ ప్రయత్నించండి అని తెర మీద వచ్చింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. మూడోసారీ అదే.

పవన్‌కుమార్ ఆనందం పట్టలేకపోయాడు. "చూశారా సార్! గదిలో చీమ చిటుక్కుమనట్లేదు. ఇదేమో శబ్దం ఉందంటోంది. ఇదీ మేడమ్‌గారి అబద్ధం చెప్పని పెట్టె!"

"అమ్మాయ్," అన్నాడు రత్తయ్య. గొంతులో మెత్తదనం పోయింది. "పన్నెండు దాకా చూస్తా. ఈలోగా తేల్చావా సరే. లేదంటే నీ పెట్టె నీ స్కూటరెక్కుద్ది. నేనేదైనా వద్దంటే కంకిపాడు నుంచి ఉయ్యూరు దాకా ఎవడూ దాన్ని కొనడు. నీకు తెలవంది కాదు."

ఆమెకు తెలుసు. డిస్ట్రిబ్యూటరు ఉత్తరం ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. అయినా ఆమె గాబరాపడలేదు. మైకు లేని శబ్దాన్ని వినదు. మనిషి చెవి అలవాటుపడి వదిలేసేదాన్ని అది వదిలిపెట్టదు, అంతే. ఊపిరి బిగబట్టి గది చుట్టూ నడిచింది. వెనక గోడ దగ్గర ఆగి గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది. లోపలి చెక్క సన్నగా వణుకుతోంది. ఆ గోడ వెనక ఏదో తిరుగుతోంది.

"మంచినీళ్ళు తాగొస్తానండీ," అని బయటికి నడిచింది.

థియేటరు గదికి వెనక ఉన్నది సామాన్ల గది. బియ్యం బస్తాలు, ఊరగాయ జాడీలు, పాత మంచం. బస్తాల పక్కన గోడలో మనిషి వంగి దూరేటంత చెక్క తలుపు ఒకటి ఓరగా తెరిచి ఉంది. సుధామణి దాన్ని లాగింది. మూడడుగుల వెడల్పున పొడుగాటి సందు. అందులో ఒక ప్లాస్టిక్ కుర్చీ, చెక్క గోడకు ఆనించిన చిన్న టేబుల్ ఫ్యాను, కుర్చీ మీద తెరిచి పెట్టిన నోటుపుస్తకం. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

వెనక నుంచి ఎవరో ఆమె మణికట్టు పట్టుకున్నారు.

శివపార్వతి, రత్తయ్య గారి భార్య. పొద్దున సుధామణి రాగానే మజ్జిగ ఇచ్చి, పిల్లలెంతమందని అడిగి, లేరంటే బాధపడి వెళ్ళిన మనిషి. ఇప్పుడు ఆమె చెయ్యి మంచులా ఉంది.

"నువ్వొచ్చావంటే మజ్జిగ కలపడానికి గబగబా లేచిపోయా తల్లీ. ఫ్యాను ఆపడం మర్చిపోయా."

"ఇందులో మీరు కూర్చుంటున్నారా పిన్నిగారూ?"

"నాలుగు నెల్లనుంచీ. ఆ గదిలో ఏం మాట్లాడినా బయటికి వినపడదని ఆయన ధైర్యం. నువ్వు పెట్టిన తలుపులు అట్టాంటివి మరి. ఆ పవన్‌కుమార్ వస్తే ఇద్దరూ అందులో దూరి తలుపేసుకునేవాళ్ళు. ఏదో జరుగుతోందని నాకు అనుమానం. సిద్ధాంతిగారి కాళ్ళు పట్టుకుని ఆయం మాట చెప్పించా. కొండపల్లి నుంచి వడ్రంగిని పిలిపించి, ఇటు తలుపు నేనే పెట్టించా. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు, ఆయం కదా."

ఆ గొంతులో భయంతోపాటు కాస్త గర్వం కూడా వినిపించింది. సుధామణికి నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండె బరువెక్కింది. యాభై దాటిన ఆడమనిషి తన ఇంట్లో మాటలు వినడానికి తన ఇంట్లోనే గోడ కట్టుకోవలసి వచ్చింది.

"ఏం విన్నారండీ?"

"చల్లపల్లిలో మా నాన్న నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన పొలం ఉంది, మూడెకరాలు. దాన్ని ప్లాట్లు చేస్తారంట. నేను సంతకం పెట్టలేదు, నన్నెవరూ అడగలేదు. అయినా సంతకం అయిపోయిందని, గురువారం రిజిస్ట్రేషనని మొన్న ఆ పవన్‌కుమార్ గదిలో ఒక్కడే ఉండి ఫోనులో ఎవరితోనో చెబుతుంటే ఈ చెవుల్తో విన్నా." శివపార్వతి ఇంకా గట్టిగా పట్టుకుంది. "గురువారం నేనూ ఆ ఆఫీసుకు వెళతా. అందరి ముందూ అడుగుతా. అప్పటిదాకా నాకు తెలుసని వాళ్ళకి తెలవకూడదు. నాలుగు రోజులు తల్లీ. ఈ గోడ సంగతి చెప్పకు."

సుధామణి ఆ చెక్క తలుపు వైపు చూసింది. ఈ తలుపు రత్తయ్యకు చూపిస్తే చాలు. శబ్దం ఎక్కడిదో తేలిపోతుంది, పవన్‌కుమార్ నోరు మూతపడుతుంది, దుకాణం నిలబడుతుంది. ఒక్క మాట చాలు. కానీ ఆ ఒక్క మాటతో ఈమె పొలం పోతుంది.

"చెప్పనండి," అంది చివరికి. "అబద్ధం మాత్రం ఆడలేను పిన్నిగారూ. నాకది రాదు."

వంగి ఫ్యాను ఆపేసింది.

ఆమె వెనక్కి వచ్చి బటన్ నొక్కగానే మొదటి స్పీకరు నిక్షేపంగా కూత వేసింది. తర్వాత రెండోది, మూడోది. పవన్‌కుమార్ ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. సుధామణి మైకును సోఫా నుంచి సోఫాకు మార్చుకుంటూ వెళ్ళింది. మధ్యలో రిసీవరు ఇంకో సంగతి బయటపెట్టింది, వెనక కుడి స్పీకరుకు వైరు తిరగేసి తగిలించారని. స్పీకర్లు ఇటు మార్చింది ఎవరో గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. ఆమె కుర్చీ ఎక్కి ప్లస్సు ప్లస్సుకు, మైనస్సు మైనస్సుకు కలిపి దిగింది. బోలు గోడ మోగకుండా, అదురు పుట్టించే సబ్‌వూఫరును తగ్గించింది. మాటలు వినిపించే మధ్య స్పీకరును రెండు మెట్లు పెంచింది.

"ఇప్పుడు పెట్టండి బాబాయిగారూ, మీ వాన."

వాన గదంతా ఒక్కసారే పడింది. ముందు, వెనక అన్న తేడా లేదు. ఉరుము దూరంగా పుట్టి, నెత్తి మీదుగా దొర్లి, ఎటో వెళ్ళిపోయింది. ఆ హోరులో హీరో గొణిగిన మాట కూడా స్పష్టంగా వినపడింది. రత్తయ్య రెండు చేతులూ సోఫా మీద పెట్టి సీను అయ్యేదాకా కదల్లేదు.

"భేష్," అన్నాడు. "పెట్టెలో తప్పు లేదు. నీలోనూ లేదు. పదిమందిలో నేనే చెబుతా."

ఆ మాటకు సుధామణికి కళ్ళు చెమర్చాయి. ఇక బయల్దేరితే బెంజి సర్కిల్ దాటేలోపు అమ్మకు ఫోను చేసి చెప్పాలనుకుంటూ సంచీ సర్దుకుంది.

"ఉండమ్మాయ్."

రత్తయ్య సినిమా ఆపేశాడు. "ఇందాక మూడుసార్లు శబ్దం ఉందందిగా అది. నువ్వు మంచినీళ్ళు తాగొచ్చాక లేదంది. ముప్పయ్యేళ్ళు మిల్లు నడిపినోణ్ణి నేను. ఏదో తిరుగుతుంటే నువ్వెళ్ళి ఆపొచ్చావు. ఏంటది?"

పవన్‌కుమార్ ఫోనులోంచి తలెత్తాడు. లేచి వెళ్ళి వెనక గోడ మీద వేలితో తట్టాడు. బోలుగా మోగింది. అతని మొహంలో రంగు మారడం సుధామణి గమనించింది.

"ఒకటి ఆపానండీ, నిజమే," అందామె. "అదేంటో నేను చెప్పను."

"నా ఇంట్లో, నాకు తెలవకుండానా?"

"చెప్పాల్సిన మనిషిని నేను కాదు బాబాయిగారూ."

రత్తయ్యకు జీవితంలో ఎదురు మాట అలవాటు లేదు. మెడ మీద నరం పొంగింది. "అయితే పెట్టె విప్పుకుపో. ఎంత బాగా పలికినా సరే, నా ఇంట్లో నాకు దాపరికాలు పెట్టేవాళ్ళ సరుకు నాకొద్దు. నీకిది మూడో వాపసని కూడా పవన్ చెప్పాడు. ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంది. ఎంతోసేపు పట్టలేదు. గవర్నర్‌పేటలో షట్టరు మీద పేరు చెరిపేసుకోవాలి. ఆడపిల్ల వైర్లేం లాగుతుందిలే అన్నవాళ్ళందరూ చూశావా అంటారు. భయం వేసింది. అయినా మోకాళ్ళ మీద కూర్చుని రిసీవరు వెనక నుంచి మొదటి వైరు ఊడదీసింది. తర్వాత రెండోది. ఒక్కొక్క వైరుకూ చీటీ కట్టి, ఏది ఎక్కడిదో రాసింది. రేపు ఇంకెవరు వచ్చి బిగించినా తప్పు బిగించకూడదు కదా.

ఎనిమిదో వైరు దగ్గర తలుపు తెరుచుకుంది.

"దాన్ని కదిలించకు తల్లీ," అంది శివపార్వతి. పమిట నడుముకు చుట్టి ఉంది. ఎప్పుడూ గడప దగ్గరే ఆగిపోయే మనిషి తిన్నగా గది మధ్యకు వచ్చి, భర్తకూ తెరకూ నడుమ నిలబడింది. "నాలుగు రోజులు ఆగుదామనుకున్నా. నా మూలాన ఈ పిల్ల దుకాణం మూతపడితే ఆ పొలంలో పండిన మెతుకు నాకు సహించదు. ఏవండీ, ఆ గోడ వెనక తిరిగింది నా ఫ్యాను. అక్కడ కూర్చుని మీ మాటలు విన్నది నేను, ఇందాకటివి కూడా."

పవన్‌కుమార్ తలుపు వైపు రెండడుగులు వేశాడు.

"మీరు కూర్చోండి పవన్‌కుమార్‌గారూ. చల్లపల్లి పొలం కాయితాల మీద నా సంతకం మీ ఇద్దర్లో ఎవరు పెట్టారు?"

రత్తయ్య మెల్లగా సోఫాలోంచి లేచాడు. భార్య వైపు చూడలేదు, సుధామణి వైపూ చూడలేదు. పవన్‌కుమార్ మొహంలోకే చూస్తూ, ఆ గదిలో ఎన్నడూ వినపడనంత చిన్న గొంతుతో అడిగాడు.

"సంతకమా? ఆవిడని నేనే ఒప్పించి పెట్టిస్తా, అందాకా ఆగమన్నాగా. ఏం సంతకం పవన్?"